చర్చి నడిపే పిల్లల హోమ్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

దాతలు, పాస్టర్లు, పిల్లల బంధువులు, హోమ్‌లో పనిచేయాలని ముందుకొచ్చే యువతీయువకులు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. జవాబులన్నిటి వెనకా ఒకటే నమ్మకం ఉంది. బిడ్డకు కావలసింది కుటుంబం. హోమ్ ఆ కుటుంబానికి చేర్చే దారిలో ఒక మజిలీగా ఉండాలి. ఆ దారి ఎంతకీ దొరకని కొద్దిమందికి మాత్రం హోమే ఇల్లు కావాలి.

హోమ్‌లో ఉండే పిల్లలందరూ తల్లీతండ్రీ లేనివాళ్లేనా?

కాదు. ఈ మాట చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. యునిసెఫ్ లెక్క ప్రకారం తల్లిదండ్రుల్లో ఒక్కరు చనిపోయినా ఆ బిడ్డను అనాథ కిందే లెక్కిస్తారు. ఆ రకంగా 2015లో ప్రపంచంలో దాదాపు 14 కోట్ల మంది అనాథలున్నారు. అందులో ఇద్దరినీ పోగొట్టుకున్నవాళ్లు సుమారు కోటీ 51 లక్షల మంది. అంటే ఎక్కువమందికి తల్లో తండ్రో ఉన్నారు. సంస్థల్లో పెరుగుతున్న పిల్లల్లో ప్రతి ఐదుగురిలో కనీసం నలుగురికి తల్లిదండ్రుల్లో ఒకరైనా బతికే ఉన్నారని సేవ్ ద చిల్డ్రన్ సంస్థ 2009లో చెప్పింది.

మరి వీళ్లు హోమ్‌కి ఎందుకొచ్చారు? భర్త పోయాక పనికెళ్లే తల్లికి పగలంతా బిడ్డను చూసుకునే మనిషి లేక. తండ్రి మంచం పట్టి ఫీజు కట్టలేక. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ ఇంట్లో బిడ్డకు చోటు లేక. దగ్గర్లో బడి లేక. చాలాసార్లు అసలు కారణం పేదరికమే. ఈ తేడా తెలియకపోతే మనం చేసే సాయం కూడా దారి తప్పుతుంది.

అనాథల సేవ చర్చి పని అని బైబిల్లో ఎక్కడుంది?

అందరికీ గుర్తొచ్చేది యాకోబు పత్రిక 1:27. దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను వారి ఇబ్బందిలో పరామర్శించడమే పవిత్రమైన భక్తి అంటాడు యాకోబు. ఈ వాక్యాన్ని హోమ్ గోడల మీద రాసేటప్పుడు పిల్లల మాట మిగులుతుంది, విధవరాండ్ర మాట జారిపోతుంది. ఆ విధవరాలు చాలాసార్లు ఆ బిడ్డ తల్లే. బిడ్డను మనం తీసుకుని తల్లిని గేటు బయట వదిలేస్తే వాక్యంలో సగమే పాటించినట్టు.

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో కోత కోసేటప్పుడు పొలంలో మరిచిపోయిన పన కోసం వెనక్కి వెళ్లొద్దని, అది పరదేశికి, తండ్రిలేని బిడ్డకు, విధవరాలికి వదిలేయమని ఉంది. ఆ ఏర్పాటులో బిడ్డ ఇల్లు విడిచి ఎక్కడికీ పోనక్కర్లేదు. తల్లి దగ్గరే ఉంటుంది, ఊరి సాయం ఇంటికి చేరుతుంది. నాకు ఈ పద్ధతి ఎంతో ఇష్టం.

ఈ సేవ ఎప్పుడు మొదలైంది?

తొలి శతాబ్దాల నుంచీ సంఘాలు విధవరాండ్రను, తండ్రిలేని పిల్లలను పోషిస్తూనే ఉన్నాయి. పెద్ద ఎత్తున హోమ్‌లు కట్టడం మాత్రం తర్వాత వచ్చింది. జర్మనీలోని హాలే పట్టణంలో ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకే అనే పాస్టర్ 1695లో పేదపిల్లల బడితో మొదలుపెట్టి అనాథ గృహం కట్టాడు. శతాబ్దం దాటాక అదే హాలేలో వేదాంతం చదువుకుంటూ ఆ గృహంలోనే కొన్నాళ్లు తలదాచుకున్న విద్యార్థి జార్జ్ ముల్లర్. ఆయన ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌కు వెళ్లి 1836లో ఒక అద్దె ఇంట్లో ఆడపిల్లల కోసం హోమ్ తెరిచాడు. 1849లో యాష్లీ డౌన్ అనే చోట పెద్ద భవనంలోకి మారాడు. 1870 కల్లా అక్కడ ఐదు భవనాలయ్యాయి, రెండు వేల మందికి చోటుండేది. ఆయన జీవితకాలంలో పదివేల మంది దాకా పిల్లలు ఆ గుమ్మం తొక్కారు.

ముల్లర్ ఎవరినీ నేరుగా చందా అడగలేదని, ప్రార్థన మీదే ఆధారపడ్డాడని మన ప్రసంగాల్లో తరచూ వింటాం. అంతగా చెప్పుకోని విషయం ఇంకొకటుంది. వచ్చిన ప్రతి కానుకా, పెట్టిన ప్రతి ఖర్చూ రాసి, ఏటా నివేదికగా అచ్చువేసేవాడు. ప్రార్థనతో పాటు పద్దుల పుస్తకం కూడా ఆయన భక్తిలో భాగమే.

మన దేశంలో పండిత రమాబాయి 1889లో బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ పెట్టింది. 1896-97 కరువులో ఆకలితో అలమటిస్తున్న ఆడపిల్లలను, స్త్రీలను పుణె దగ్గరి కేడ్‌గావ్‌కు తీసుకొచ్చింది. అదే ముక్తి మిషన్. అక్కడ వితంతువులు, అనాథ బాలికలు కలిసే బతికారు. నేత, వ్యవసాయం, అచ్చుపని నేర్చుకున్నారు. తమిళ ప్రాంతంలోని డోనావూరులో అమీ కార్మైకేల్ అనే మిషనరీ 1901 నుంచి ఆడపిల్లలను చేరదీసింది. పిల్లలు ఆమెను అమ్మా అనే పిలిచేవారు.

చరిత్రలో ఈ సేవ వల్ల పిల్లలకు నష్టం జరగలేదా?

జరిగింది, దాన్ని దాచకూడదు. 19వ శతాబ్దం రెండో సగం నుంచి బ్రిటన్‌లోని ధర్మసంస్థలు, చర్చి సంస్థలు లక్షమందికి పైగా పిల్లలను కెనడాకు ఓడల్లో పంపాయి. ఆ తర్వాత వేలమందిని ఆస్ట్రేలియాకు పంపాయి. కొత్త జీవితం ఇస్తున్నామనే అనుకున్నారు. తల్లిదండ్రులు బతికుండగానే వాళ్లు చనిపోయారని చాలామంది పిల్లలకు చెప్పారు. అన్నదమ్ములను విడదీశారు. దీనికి 2009లో ఆస్ట్రేలియా ప్రధాని కెవిన్ రడ్, 2010లో బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఈ పని చేసినవాళ్లలో దేవునికి భయపడేవాళ్లు ఎందరో ఉన్నారు. మంచి ఉద్దేశం ఉన్నంత మాత్రాన బిడ్డకు మేలు జరగదని అంతకన్నా గట్టిగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

పేద ఇంట్లో కన్నా హోమ్‌లో తిండి, చదువు బాగుంటాయి కదా? మరి కుటుంబమే కావాలని ఎందుకంటారు?

తిండి, చదువు బాగుండవచ్చు. బిడ్డ మనసు, మెదడు ఎదగడానికి ఇంకొకటి కావాలి. తనను ప్రత్యేకంగా చూసుకునే, రోజూ ఉండే, మారిపోని ఒక మనిషి. జాన్ బౌల్బీ అనే వైద్యుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం 1951లో రాసిన నివేదికలో ఈ సంగతి చెప్పాడు. రొమేనియాలోని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన పరిశోధన దాన్ని కొలిచి చూపించింది. సంస్థల్లో ఉన్న 136 మంది పసిపిల్లల్లో సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. కుటుంబాలకు వెళ్లిన పిల్లల తెలివితేటలు, అనుబంధాలు మెరుగయ్యాయి. రెండేళ్లలోపు వెళ్లినవాళ్లు ఎక్కువ కోలుకున్నారు.

హోమ్‌కు అతిథులు వెళ్లగానే మూడేళ్ల పాప పరుగెత్తుకొచ్చి కాళ్లను చుట్టేసుకుంటుంది. ఎత్తుకుంటే దిగదు. 'ఎంత ప్రేమగల పిల్ల!' అని మురిసిపోతాం. సొంత ఇంట్లో పెరిగే మూడేళ్ల బిడ్డ కొత్త మనిషిని చూస్తే అమ్మ వెనక దాక్కుంటుంది. ఎవరొచ్చినా ఒకేలా అల్లుకుపోయే బిడ్డకు తన మనిషంటూ ఎవరూ కుదరలేదేమో చూడాలి. కొందరు పిల్లలు కడుపునిండా తిన్నాక కూడా తిండి తీసుకెళ్లి దిండు కింద దాచుకుంటారు. దాన్ని దొంగతనం అని కొట్టకూడదు. రేపు కూడా దొరుకుతుందని వాళ్లకు నమ్మకం కుదరడానికి నెలలు పడుతుంది.

అందుకే ఐక్యరాజ్య సమితి 2009లో ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలు కేవలం పేదరికం కారణంగా బిడ్డను ఇంటి నుంచి విడదీయకూడదని చెబుతున్నాయి. మూడేళ్లలోపు పిల్లలకు కుటుంబ వాతావరణమే ఇవ్వాలని, తోబుట్టువులను విడగొట్టకూడదని కూడా చెబుతున్నాయి.

అయితే హోమ్‌లన్నీ మూసేయాలా?

రాత్రికి రాత్రి మూస్తే పిల్లలు వీధిన పడతారు. ఇంట్లో హింస నుంచి తప్పించుకొచ్చిన బిడ్డకు, యుద్ధంలో అందరినీ పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్లకు, ఎవరూ పెంచుకోవడానికి రాని పదిహేనేళ్ల అబ్బాయికి చోటు కావాలి. ఆ చోటు చిన్నదిగా, ఇల్లులా ఉండాలి. ఈ ఆలోచన కొత్తదేం కాదు. లండన్‌లో స్పర్జన్ అనే బాప్టిస్టు బోధకుడు 1867లో పెట్టిన స్టాక్‌వెల్ హోమ్‌లో పిల్లలు ఒకే పెద్ద హాలులో కాకుండా విడివిడి ఇళ్లలో, ఇంటికో పెంపకురాలి దగ్గర పెరిగారు. ముల్లర్ సంస్థ కూడా 20వ శతాబ్దంలో ఆ పెద్ద భవనాలు వదిలేసి చిన్న కుటుంబ గృహాలకు మారింది.

మంచి హోమ్‌ను ఎలా గుర్తుపట్టాలి?

ఆఫీసు గదిలో కూర్చుంటే తెలియదు. సాయంత్రం పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు వెళ్లండి. చెప్పులు విప్పుతూనే ఎవరిని వెతుక్కుంటున్నారో చూడండి. 'అమ్మా, నాకు లెక్కల్లో ఎన్నొచ్చాయో తెలుసా' అని చెప్పుకోవడానికి ఒక మనిషి ఉందా? ఆ మనిషి ఎన్నేళ్లుగా అక్కడ పనిచేస్తోంది? ఏడాదికి ముగ్గురు వార్డెన్లు మారే హోమ్‌లో పిల్లలు ఎవరికీ దగ్గర కారు. మారడానికి కారణం ఎక్కువగా జీతమే. కొత్త చాపెల్‌కు లక్షలు పోసి పిల్లల్ని పెంచే అక్కకు చాలీచాలని జీతం ఇవ్వడం అన్యాయం.

ఒక్కో పెంపకురాలి దగ్గర ఏడెనిమిది మందికి మించకూడదని నా అభిప్రాయం. అప్పుడే ఎవరికి పేలు పడ్డాయో, ఎవరు రాత్రి పక్క తడుపుతున్నారో, ఎవరు నాలుగు రోజులుగా మాట్లాడటం లేదో తెలుస్తుంది. ప్రతి బిడ్డకూ తాళం వేసుకునే ఒక పెట్టె, తన పేరు రాసిన బట్టలు ఉండాలి. ఉమ్మడి మూట నుంచి అందిన బట్ట వేసుకుని పెరిగిన బిడ్డకు 'నాది' అనేది తెలియకుండానే బాల్యం గడిచిపోతుంది.

ఒక బిడ్డ ఫైలు అడిగి చూడండి, పేరు మూసి చూపించినా సరే. ఎందుకొచ్చింది, బంధువులు ఎవరు, చివరిసారి ఎప్పుడు కలిశారు, ఇంటికి పంపే ఆలోచన ఏమిటి, ఎన్ని నెలలకోసారి దాన్ని మళ్లీ పరిశీలిస్తున్నారు అన్నవి అందులో ఉండాలి. అమ్మ ఫొటో ఉంటే బిడ్డ చేతికి అందేలా ఉండాలి. ఏడాదిలో ఎంతమంది పిల్లలు ఇంటికి తిరిగి వెళ్లారని అడగండి. 'ఎవరూ వెళ్లలేదు' అని గర్వంగా చెబితే అక్కడ ఆలోచించాలి.

వేరే మతం కుటుంబాల పిల్లలు వస్తే వాళ్లను క్రైస్తవులుగా పెంచాలా?

ఇది టెన్షన్ పెట్టే ప్రశ్న. సూటిగా చెబుతాను. బిడ్డ ఆకలితో, భయంతో మన చేతిలో పడింది. ఆ స్థితిలో బిడ్డ చెప్పే 'సరే'కు స్వేచ్ఛ లేదు. 1989 నాటి బాలల హక్కుల ఒప్పందంలోని 20వ అధికరణం బిడ్డ మత, సాంస్కృతిక, భాషా నేపథ్యాన్ని గౌరవించమంటుంది. 2009 మార్గదర్శకాలైతే సంరక్షణ ఇచ్చే సంస్థ మత, రాజకీయ, ఆర్థిక లక్ష్యాలు నెరవేర్చుకోవడం ముఖ్య ఉద్దేశంగా ఆ సంరక్షణ ఉండకూడదని స్పష్టంగా చెబుతాయి.

మన విశ్వాసాన్ని దాచుకోనక్కర్లేదు. హోమ్‌లో ప్రార్థన ఉంటుంది, పాటలుంటాయి. రాననే బిడ్డను బలవంతం చేయకూడదు. ప్రార్థనకు రాలేదని భోజనం ఆలస్యం చేయకూడదు, బహుమతులు తగ్గించకూడదు. పేరు మార్చకూడదు, ఆ పేరు అమ్మానాన్నలు పెట్టింది. హోమ్ సంరక్షణలో ఉండగా బాప్తిస్మం ఇవ్వడం నాకు సమ్మతం కాదు. పెద్దయ్యాక, తన కాళ్ల మీద నిలబడ్డాక, తనే అడిగితే అప్పుడు చూడొచ్చు. మన ప్రేమ నిజమైనదో కాదో బిడ్డకు తెలిసేది మన మాట వినకపోయినా అది ఆగనప్పుడే.

హోమ్‌లో పిల్లలపై వేధింపులు జరగకుండా ఏం చేయాలి?

మనవాళ్లందరూ భక్తిపరులు, ఇక్కడ అలాంటివి జరగవు అనుకోవడమే మొదటి ప్రమాదం. ఐర్లండ్‌లో మతసంఘాలు నడిపిన పిల్లల సంస్థల గురించి 2009లో వచ్చిన ర్యాన్ నివేదిక దశాబ్దాల పాటు జరిగిన హింసను బయటపెట్టింది. తప్పు చేసినవాడిని పట్టివ్వకుండా ఇంకో చోటికి బదిలీ చేసిన సంగతులూ అందులో ఉన్నాయి. సంఘం పరువు కాపాడాలని అలా చేశారు. దాని ఖరీదు పిల్లలు కట్టారు.

పాస్టర్ సిఫారసు చేసినా సరే, పనిలోకి తీసుకునే ప్రతి మనిషి పాత ఉద్యోగం గురించి ఫోన్ చేసి కనుక్కోవాలి, పోలీసు ధ్రువీకరణ తీసుకోవాలి. మూసిన తలుపు వెనక ఒక పెద్దమనిషీ ఒక బిడ్డా ఒంటరిగా ఉండే పరిస్థితి రాకూడదు. కౌన్సెలింగ్ అయినా, ప్రార్థన అయినా అంతే. స్నానాల గదులు, రాత్రి వేళలు, పెద్ద పిల్లలు చిన్నపిల్లల్ని ఏడిపించే చోట్లు ముందుగా గమనించాలి. కొట్టడం పూర్తిగా మానేయాలి. 'బెత్తం వాడనివాడు తన కుమారునికి విరోధి' అనే బైబిల్ సామెతల గ్రంథంలోని వాక్యాన్ని దానికి అడ్డుపెట్టుకోకూడదు.

బిడ్డ ఫిర్యాదు చేయడానికి హోమ్‌తో సంబంధం లేని ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి నంబర్ పిల్లలకు తెలియాలి. ఫిర్యాదు వస్తే పెద్దల కమిటీ కూర్చుని తేల్చే పని పెట్టుకోవద్దు. అదే రోజు పోలీసులకు, బాలల సంరక్షణ అధికారులకు చెప్పాలి. ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషిని విచారణ తేలేదాకా పిల్లల దగ్గరికి రానివ్వకూడదు. అది హోమ్ పెట్టిన పాస్టర్‌గారైనా సరే.

పిల్లల ఫొటోలు, సాక్ష్యాలు దాతలకు పంపొచ్చా?

తొమ్మిదేళ్ల పాప మైకు పట్టుకుని నాన్న ఎలా చనిపోయాడో అతిథుల ముందు చెబుతుంది. వినేవాళ్లు కళ్లు తుడుచుకుంటారు, కానుకల సంచి నిండుతుంది. వచ్చే నెల ఇంకో బృందం ముందు అదే కథ మళ్లీ చెప్పాలి. ఎక్కడ ఆపితే ఎక్కువ ఏడుస్తారో కూడా బిడ్డ నేర్చేసుకుంటుంది. దయచేసి ఇది మానండి. ఆ కథ ఆ బిడ్డది. అది చెప్పాలా వద్దా అన్నది పెద్దయ్యాక తను తేల్చుకుంటుంది.

ఫొటో వేయాలంటే ముఖం గుర్తుపట్టేలా వద్దు. పూర్తి పేరు, ఊరు, బడి పేరు వద్దు. చిరిగిన బట్టల్లో ఒకటి, కొత్త బట్టల్లో ఒకటి పక్కపక్కన పెట్టి చూపించడం వద్దు. ఇంటర్నెట్‌లో పెట్టింది పాతికేళ్ల తర్వాత కూడా తన పిల్లలకు కనిపిస్తుంది.

ఒక బిడ్డను స్పాన్సర్ చేయొచ్చా?

చేయొచ్చు, కానీ డబ్బు ఉమ్మడి నిధికి ఇవ్వడమే మేలు. ఒక బిడ్డ స్పాన్సర్ సైకిల్ పంపి, పక్క మంచం బిడ్డ స్పాన్సర్ ఉత్తరం కూడా రాయకపోతే ఆ గదిలో ఏం జరుగుతుందో ఊహించుకోండి. ఇంకా మంచిది, బిడ్డ ఇంటికి తిరిగి వెళ్లాక కూడా సాయం ఆగదని ముందే రాసివ్వండి. బిడ్డ హోమ్‌లో ఉన్నంతకాలమే డబ్బు వస్తుందంటే బిడ్డను పంపడానికి హోమ్‌కు మనసొప్పదు.

సెలవుల్లో వచ్చి పిల్లలతో గడపాలని ఉంది. రావచ్చా?

మీ ప్రేమను శంకించడం లేదు. అయినా నా సలహా వద్దనే. రెండు వారాలు ఎత్తుకుని ఆడించి వెళ్లిపోతే, అప్పటికే ఒకసారి వదిలివేతను చవిచూసిన బిడ్డకు అది మళ్లీ అదే అనుభవం. ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ 2019 తీర్మానంలో అనాథాశ్రమాలకు స్వచ్ఛంద సేవ పేరుతో వెళ్లే పర్యటనల వల్ల కలిగే హానిని ప్రస్తావించింది. సందర్శకుల కోసమే పిల్లలను పోగేసే చోట్లు ఉన్నాయని మరవొద్దు. మీకు అకౌంట్స్ తెలిస్తే పద్దులు సరిచేయండి. నర్సు అయితే పెంపకురాళ్లకు శిక్షణ ఇవ్వండి. దగ్గర్లోనే ఉంటూ ఏళ్ల తరబడి ప్రతి శనివారం వచ్చి లెక్కలు చెప్పగలిగితే అది నిజంగా గొప్ప సాయం.

హోమ్‌లో నచ్చిన బిడ్డను నేరుగా దత్తత తీసుకోవచ్చా?

కుదరదు. దత్తత చట్టబద్ధమైన అధికారుల ద్వారానే జరగాలి. దేశాల మధ్య దత్తతల గురించి కుదిరిన 1993 హేగ్ ఒప్పందం ప్రకారం విదేశీ దత్తతకు ముందు బిడ్డకు సొంత దేశంలో తగిన కుటుంబం దొరుకుతుందేమో చూడాలి, ఎవరూ అక్రమ లాభం పొందకూడదు. కానుక పేరుతో హోమ్‌కు డబ్బిచ్చి బిడ్డను తీసుకెళ్లడం నేరమే.

పద్దెనిమిదేళ్లు నిండాక ఏమవుతుంది?

చాలా హోమ్‌లు తడబడేది ఇక్కడే. పుట్టినరోజు దాటగానే పెట్టె సర్దుకోమంటే ఆ పిల్ల ఎక్కడికి వెళ్తుంది? పదహారో ఏటి నుంచే సిద్ధం చేయాలి. గుర్తింపు కార్డు, బ్యాంకు ఖాతా, చదువు సర్టిఫికెట్లు తన చేతిలో ఉండాలి. వంట చేసుకోవడం, అద్దె ఒప్పందం చదవడం, జీతంలో ఖర్చు ఎంత, దాచుకునేది ఎంత అన్నది నేర్పాలి. గంట కొడితే లేచి, గంట కొడితే తిని పెరిగిన పిల్లలకు ఇవి వాటంతటవే రావు. జ్వరం వస్తే ఫోన్ చేయడానికి, ఉద్యోగం పోతే నాలుగు రోజులు తలదాచుకోవడానికి ఒక ఇల్లు ఉండాలి. సంఘంలోని కుటుంబాలు ఒక్కొక్కరు ఒక్కో యువకుడికో యువతికో ఆ ఇల్లు కావచ్చు. ఇందుకు లైసెన్సు, భవనం ఏదీ అక్కర్లేదు.

మా సంఘం కొత్తగా హోమ్ పెట్టాలనుకుంటోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

స్థలం కొనే ముందు మీ చుట్టుపక్కల కష్టంలో ఉన్న పిల్లల ఇళ్లకు వెళ్లండి. ఏముంటే ఈ బిడ్డ ఇంట్లోనే ఉండగలదు అని తల్లిని, నాయనమ్మను, మేనమామను అడగండి. ఫీజు, మందులు, పగటిపూట పిల్లల్ని చూసుకునే చోటు, తల్లికి ఒక కుట్టుమిషన్ లాంటి జవాబులే ఎక్కువ వస్తాయి. ఒక హోమ్ నడిపే డబ్బుతో అంతకన్నా ఎక్కువమంది పిల్లలను సొంత ఇళ్లలోనే నిలబెట్టొచ్చు. చట్టం ఒప్పుకున్న చోట సంఘంలోని కుటుంబాలను పెంపుడు కుటుంబాలుగా తయారుచేయొచ్చు. ఇవన్నీ చేశాక కూడా చోటు లేని పిల్లలు మిగిలితే అప్పుడు చిన్న ఇల్లు తీసుకోండి. మీ దేశ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాకే మొదటి బిడ్డను చేర్చుకోండి. నిర్వాహక కమిటీలో ఒకే ఇంటివాళ్లు ఉండకుండా చూడండి.

ఏళ్ల తర్వాత తల్లి వచ్చి బిడ్డను తీసుకెళ్తానంటే ఇవ్వాలా?

ఆ తల్లి రావడం మంచి వార్త. 'ఇన్నాళ్లూ ఎక్కడున్నావు' అనే మాటతో ఎదురుకావద్దు. అధికారులకు తెలియజేసి, ఇల్లు చూసి, ఇంట్లో ఇంకెవరున్నారో కనుక్కుని, బిడ్డ అభిప్రాయం విడిగా అడగండి. మొదట హోమ్‌లోనే కలవనివ్వండి, తర్వాత ఒక పూట, తర్వాత ఒకటి రెండు రాత్రులు ఇంటికి పంపండి. తోబుట్టువులుంటే కలిపే పంపండి. పంపాక కనీసం ఏడాది పాటు ఇంటికి వెళ్లి చూస్తూ ఉండాలి. మొదటి నెలల్లో బిడ్డ మొండికేస్తుంది, తల్లి విసిగిపోతుంది. అప్పుడు హోమ్ అక్క వారానికోసారి వెళ్లి ఇద్దరి పక్కనా కూర్చుంటే చాలా కుటుంబాలు నిలబడతాయి. బడి ఫీజు మరుసటి ఏడాదికి కూడా ముందే కట్టి ఉంచండి.